సిగ్‌టెర్మ్ పంపితే డీమన్ ఒక్కోసారి హ్యాంగ్ అవుతోంది. క్లీనప్ హ్యాండ్లర్‌లో పెట్టకూడదా?

తరంగం:
అందరికీ నమస్కారం. సీ భాషలో రాసిన ఒక డీమన్‌ని (వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్) ఈమధ్యే నాకు అప్పగించారు. మిగతా ప్రోగ్రామ్‌లు యూనిక్స్ సాకెట్ మీద పంపే లాగ్ లైన్లను తీసుకుని మెమరీలో పోగుచేస్తుంది. ఒక రైటర్ త్రెడ్ వాటిని ఫైల్‌లోకి రాస్తుంది. ఫైల్ బాగా పెరిగితే జీజిప్‌ని చైల్డ్ ప్రాసెస్‌గా నడిపి పాత ఫైల్‌ని కుదిస్తుంది. అంతే పని.

ప్రోగ్రామ్‌ని ఆగమని చెప్పే సిగ్నల్ సిగ్‌టెర్మ్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌లో, అంటే హ్యాండ్లర్‌లో, ఇవి ఉన్నాయి: ప్రింట్‌ఎఫ్‌తో ఒక మెసేజ్, మిగిలిన బఫర్‌ని ఫైల్‌లో రాయడం, బఫర్లన్నీ ఫ్రీ చేయడం (మెమరీ తిరిగి ఇవ్వడం), సాకెట్ ఫైల్‌నీ, ప్రాసెస్ నంబర్ ఉండే పిడ్ ఫైల్‌నీ అన్‌లింక్ చేయడం (తీసేయడం), చివర ఎగ్జిట్.

మామూలు రోజుల్లో చక్కగా ఆగుతుంది. లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కోసారి ఆగదు. సీపీయూ వాడకం సున్నా, లాగ్‌లో ఏమీ పడదు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి, బలవంతంగా చంపే సిగ్‌కిల్ పంపుతుంది. అప్పుడు సాకెట్ ఫైల్ అక్కడే మిగిలిపోతుంది కాబట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందంటూ బైండ్ ఫెయిల్ అవుతుంది. అర్ధరాత్రి ఎవరో ఒకరు లాగిన్ అయి ఆ ఫైల్ తీసేయాల్సి వస్తోంది.

హ్యాంగ్ అయినప్పుడు జీడీబీ డీబగ్గర్ తగిలించి చూశాను. మెయిన్ త్రెడ్ స్టాక్ కింది నుంచి పైకి ఇలా ఉంది: మెయిన్, సాకెట్ చదివే ఫంక్షన్, మాలాక్ (మెమరీ తీసుకునే ఫంక్షన్), దాని మీద "సిగ్నల్ హ్యాండ్లర్ కాల్డ్" అనే లైను, ఆ తర్వాత మా హ్యాండ్లర్, ఫ్రీ, అన్నిటికన్నా పైన లాక్ కోసం ఆగిన ఫంక్షన్. దీన్ని పద్ధతిగా ఎలా రాయాలో చెప్పండి. పని జరిగిపోయే చిట్కా కాకుండా సరైన దారి కావాలి.

గుండుసూది:
మీ స్టాక్‌లోనే జవాబు ఉందండీ. మెయిన్ త్రెడ్ మాలాక్ లోపల ఉంది, హీప్ (మాలాక్ మెమరీ ఇచ్చే చోటు) లాక్ దాని చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ వచ్చింది. కెర్నల్ ఆ త్రెడ్‌ని ఉన్నచోటే ఆపి, దాని స్టాక్ మీదే మీ హ్యాండ్లర్‌ని నడిపింది. హ్యాండ్లర్ ఫ్రీని పిలిచింది, ఫ్రీకి అదే లాక్ కావాలి. ఆ లాక్ వదలాల్సింది మాలాక్, కానీ హ్యాండ్లర్ ముగిస్తే తప్ప మాలాక్ ముందుకు కదలదు. ఇక ఎంతసేపున్నా అంతే.

ఎప్పుడూ కాకుండా ఒక్కోసారే ఎందుకు అవుతోందంటే, లైనక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో ప్రతి త్రెడ్‌కీ చిన్న కాష్ ఉంటుంది. చిన్న సైజు మాలాక్‌లు, ఫ్రీలు చాలావరకు అందులోనే తేలిపోతాయి, లాక్ దాకా పోవు. లోడ్ పెరిగాక ఆ కాష్ చాలక అసలు హీప్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తుంది. అందుకే టెస్టింగ్‌లో దొరకదు, ప్రొడక్షన్‌లో దొరుకుతుంది.

ఇంకో సంగతి. మీకు రైటర్ త్రెడ్ ఉంది కాబట్టి హ్యాంగ్‌తో సరిపోయింది. ఒకే త్రెడ్ ఉన్న ప్రోగ్రామ్‌లో కొత్త జీలిబ్‌సీలు మాలాక్‌లో లాక్ తీసుకోవు. అప్పుడు హ్యాంగ్ కాదు, సగం మార్చిన హీప్ మీదే హ్యాండ్లర్ మళ్లీ పనిచేసి దాన్ని పాడుచేస్తుంది. నా దృష్టిలో హ్యాంగ్ కన్నా అదే ప్రమాదం, ఎందుకంటే అది కంటికి కనపడదు.

ప్రింట్‌ఎఫ్ సంగతీ అలాంటిదే. దాని లాక్‌ని అదే త్రెడ్ మళ్లీ తీసుకోగలదు కాబట్టి హ్యాంగ్ కాకపోవచ్చు. కానీ సగం నింపిన బఫర్ మీద మళ్లీ రాస్తుంది. ఎగ్జిట్ కూడా హ్యాండ్లర్‌లో పిలవకూడదు, ఎందుకంటే అది అట్‌ఎగ్జిట్‌తో పెట్టిన ఫంక్షన్లన్నీ నడిపి, స్టాండర్డ్ ఐఓ బఫర్లన్నీ ఫ్లష్ చేస్తుంది. హ్యాండ్లర్ నుంచే బయటికి పోవాలంటే ముందు అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్ ఒక్కటే దారి.

హ్యాండ్లర్‌లో ఏమేం పిలవచ్చో పోసిక్స్ (యూనిక్స్ సిస్టమ్‌ల ప్రమాణం) ఒక జాబితా ఇస్తుంది. లైనక్స్ మాన్ పేజీల్లో సెక్షన్ 7లో సిగ్నల్-సేఫ్టీ అని ఉంటుంది, ఒకసారి మొత్తం చదవండి. రైట్, అన్‌లింక్, కిల్, వెయిట్‌పిడ్ లాంటివి ఉన్నాయి. మాలాక్, ఫ్రీ, ప్రింట్‌ఎఫ్, సిస్‌లాగ్, పీత్రెడ్ మ్యూటెక్స్ లాక్ లేవు.

కొత్తచిగురు:
గుండుసూది గారూ, ఒక డౌట్. నేను చూసిన చాలా ట్యుటోరియల్స్‌లో హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ పెట్టే చూపిస్తారు. పనిచేస్తుంది కూడా. నిజంగా అంత పెద్ద విషయమా? సంవత్సరానికి ఒకసారి హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసుకుంటే సరిపోదా?

వెండిరేకు:
కొత్తచిగురు, దీనికి, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఉదంతం తెలుసుకోవాలి. 2024 జులైలో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ పరిశోధకులు బయటపెట్టారు. దాని సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్‌డీకి కనెక్ట్ అయినవాళ్లు లాగిన్ గడువులోపల, మామూలుగా 120 సెకన్లు, లాగిన్ కాకపోతే సిగ్‌అలారం వస్తుంది. ఆ హ్యాండ్లర్ ఒక లాగ్ మెసేజ్ రాయడానికి సిస్‌లాగ్‌ని పిలిచేది. జీలిబ్‌సీలో సిస్‌లాగ్ లోపల మాలాక్, ఫ్రీ ఉంటాయి. సర్వర్ హీప్‌లో ఏదో మారుస్తున్న క్షణంలోనే ఆ అలారం మోగేలా దాడి చేసేవాళ్లు టైమింగ్ కుదుర్చుకుంటే, పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచే రూట్ హక్కులతో తమ కోడ్ నడపవచ్చని చూపించారు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే అది కొత్త బగ్ కాదు. 2006లో ఒకసారి సరిచేసిందే. తర్వాత కోడ్ మార్పుల్లో ఆ రక్షణ పొరపాటున ఎగిరిపోయి, 8.5పీ1 వెర్షన్ నుంచి మళ్లీ వచ్చింది. 9.8పీ1లో సరిచేశారు. ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మాత్రం ఇబ్బంది రాలేదు. అక్కడ హ్యాండ్లర్ పిలిచేది సిగ్నల్‌కి తట్టుకునేలా విడిగా రాసిన సిస్‌లాగ్.

అంత జాగ్రత్తగా కోడ్ రాసేవాళ్ల దగ్గరే, ఒక్క లాగ్ లైను వల్ల, ఇంత జరిగింది. అందుకే హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ చూపించే ట్యుటోరియల్స్ మీద నాకు కోపం. నేర్చుకునే రోజునే తప్పు అలవాటు చేస్తున్నాయి.

కొత్తచిగురు:
అర్థమైంది, థాంక్యూ. అయితే హ్యాండ్లర్‌లో ఒక గ్లోబల్ ఫ్లాగ్‌ని 1 చేసి, మెయిన్ లూప్ ప్రతిసారీ ఆ ఫ్లాగ్ చూసుకుంటే చాలు కదా?

పైప్‌మనిషి:
సగం దారి అదే. ఫ్లాగ్ వోలటైల్ సిగ్ అటామిక్ టీ రకంగా ఉండాలి. కానీ ఒక సందు మిగిలిపోతుంది. మెయిన్ లూప్ ఫ్లాగ్ చూసింది, 0 ఉంది. ఇక పోల్‌ని (డేటా వచ్చేదాకా నిద్రపోయే కాల్) పిలవబోతోంది. ఆ రెండింటి మధ్య సిగ్నల్ వచ్చింది, హ్యాండ్లర్ ఫ్లాగ్‌ని 1 చేసి వెళ్లిపోయింది. ఇప్పుడు లూప్ పోల్‌లోకి వెళ్లి నిద్రపోతుంది. ఎవరైనా డేటా పంపేదాకా లేవదు. రాత్రిపూట ఎవరూ పంపకపోతే మళ్లీ అదే 90 సెకన్లు.

సిగ్నల్ పోల్ మధ్యలో వస్తే మాత్రం ఫర్వాలేదు, ఈఐఎన్‌టీఆర్ ఎర్రర్‌తో బయటికి వస్తుంది. ఆగిన కాల్‌ని మళ్లీ మొదలుపెట్టమనే ఎస్‌ఏ రీస్టార్ట్ ఆప్షన్ పెట్టినా సరే, పోల్‌ని కెర్నల్ తనంతట తాను మళ్లీ మొదలుపెట్టదు. రీడ్, యాక్సెప్ట్ అలా కాదు, ఎస్‌ఏ రీస్టార్ట్ ఉంటే అవి మళ్లీ నిద్రలోకే పోతాయి. ఫ్లాగ్ పద్ధతి పనిచేయట్లేదని అడిగేవాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఆ సందు మూయడానికి పీపోల్ ఉంది. మామూలు సమయమంతా సిగ్‌టెర్మ్‌ని బ్లాక్ చేసి (వచ్చినా అందకుండా ఆపి) ఉంచుతారు, పీపోల్ నిద్రపోయేటప్పుడు మాత్రమే దాన్ని తెరుస్తుంది. మాస్క్ (బ్లాక్ చేసిన సిగ్నల్స్ జాబితా) మార్చడం, నిద్రపోవడం రెండూ ఒకే అడుగులో జరుగుతాయి, మధ్యలో సందు ఉండదు.

నాకు ఇష్టమైనది మాత్రం సెల్ఫ్ పైప్. డాన్ బెర్న్‌స్టీన్ చెప్పిన పాత పద్ధతి. మొదట్లోనే ఒక పైప్ తెరిచి, చదివే కొసని పోల్ జాబితాలో కలుపుతారు. హ్యాండ్లర్ చేసే పనల్లా రాసే కొసలోకి ఒక బైట్ రాయడం. పోల్ లేస్తుంది, ఏ సిగ్నలో ఆ బైట్ చెబుతుంది, ఆపైన క్లీనప్ అంతా మామూలు కోడ్‌లో. మాలాక్ కావాలంటే మాలాక్, ప్రింట్‌ఎఫ్ కావాలంటే ప్రింట్‌ఎఫ్.

రెండు విషయాలు మరిచిపోకండి. పైప్ రెండు కొసలూ నాన్‌బ్లాకింగ్‌గా ఉండాలి. లేకపోతే పైప్ నిండిన రోజున హ్యాండ్లరే రైట్ దగ్గర ఆగిపోతుంది. నాన్‌బ్లాకింగ్ అయితే రైట్ ఫెయిల్ అవుతుంది, అయినా నష్టం లేదు, పైప్‌లో చదవాల్సిన బైట్లు ఎలాగూ ఉన్నాయి. అలా తప్పిపోయిన సిగ్నల్ ఏదో కూడా తెలియాలంటే బైట్‌తోపాటు ఫ్లాగ్ కూడా పెట్టండి. రెండోది, హ్యాండ్లర్ మొదట్లో ఎర్నోని (చివరి ఎర్రర్ నంబర్) దాచి చివర తిరిగి పెట్టండి. మెయిన్ కోడ్ ఒక సిస్టమ్ కాల్ ఫెయిలై ఎర్నో చూడబోయే లోపు మీ హ్యాండ్లర్ దాన్ని మార్చేస్తే, ఆ తర్వాత కనిపించే ఎర్రర్‌కీ అసలు జరిగినదానికీ పొంతన ఉండదు.

ఉలి:
లైనక్స్ మీదే నడిపేటట్టయితే సెల్ఫ్ పైప్ దేనికండీ? 2.6.22 కెర్నల్ నుంచి సిగ్నల్‌ఎఫ్‌డీ ఉంది. సిగ్నల్‌ని బ్లాక్ చేసి, ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (కెర్నల్ ఇచ్చే ఫైల్ నంబర్) తీసుకుని, పోల్‌లో పెడితే అయిపోయింది. హ్యాండ్లరే ఉండదు. హ్యాండ్లర్ లేకపోతే హ్యాండ్లర్ బగ్ కూడా ఉండదు. సిగ్నల్ ఎవరు పంపారో ఆ ప్రాసెస్ నంబర్ కూడా చదివిన స్ట్రక్చర్‌లోనే వస్తుంది, డీమన్‌ని ఎవరు ఆపారో లాగ్‌లో వేసుకోవచ్చు.

పైప్‌మనిషి:
ఉలి గారూ, కాదనను. నా కోడ్ బీఎస్‌డీల మీద, మ్యాక్ మీద కూడా నడవాలి, అందుకే పైప్. పైగా సిగ్నల్‌ఎఫ్‌డీ పనిచేయాలంటే సిగ్నల్ బ్లాక్ అయి ఉండాలి. ఆ బ్లాక్ మాస్క్ ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టించడం) తర్వాతా ఎగ్జెక్ (అందులో వేరే ప్రోగ్రామ్ నడపడం) తర్వాతా చైల్డ్‌కి అలాగే వెళ్తుంది. తరంగం గారి డీమన్ జీజిప్‌ని నడుపుతుంది కదా, అది గుర్తుంచుకోవాలి.

ఉలి:
నిజమే. ఎగ్జెక్ దాటాక హ్యాండ్లర్లు డిఫాల్ట్‌కి వస్తాయి, కానీ ఇగ్నోర్ చేసినవి ఇగ్నోర్‌గానే, బ్లాక్ చేసినవి బ్లాక్‌గానే ఉంటాయి. నోహప్ కమాండ్ పనిచేసేది ఈ నియమం మీదే. టెర్మినల్ మూసినప్పుడు వచ్చే సిగ్‌హప్‌ని ఇగ్నోర్ చేసి అసలు ప్రోగ్రామ్‌ని ఎగ్జెక్ చేస్తుంది.

రాత్రిపాళీ:
త్రెడ్లు ఉన్నాయన్నారు కాబట్టి ఒక మాట. ప్రాసెస్‌కి వచ్చిన సిగ్నల్‌ని, దాన్ని బ్లాక్ చేయని ఏ త్రెడ్‌కైనా కెర్నల్ ఇవ్వవచ్చు. ఈరోజు మెయిన్ త్రెడ్‌కి వచ్చింది, రేపు రైటర్ త్రెడ్‌కి ఫైల్ రాస్తూ ఉండగా రావచ్చు. కాబట్టి మెయిన్‌లో మిగతా త్రెడ్లు పుట్టకముందే పీత్రెడ్ సిగ్‌మాస్క్‌తో సిగ్‌టెర్మ్, సిగ్‌ఇంట్ (కంట్రోల్-సీ నొక్కితే వచ్చేది) బ్లాక్ చేయండి. పుట్టే త్రెడ్లన్నిటికీ అదే మాస్క్ వస్తుంది. ఆపైన సిగ్నల్‌ఎఫ్‌డీయో, లేదా సిగ్‌వెయిట్‌లో కూర్చునే ప్రత్యేక త్రెడ్డో, మీ ఇష్టం. సిగ్‌వెయిట్ పద్ధతి పోసిక్స్‌లోనే ఉంది, అన్నిచోట్లా నడుస్తుంది. త్రెడ్లు పుట్టాక బ్లాక్ చేస్తే ముందు పుట్టినవాటికి వర్తించదు. లైబ్రరీలు తమంతట తాము త్రెడ్లు పుట్టించే రోజులివి కాబట్టి, మెయిన్‌లో మొట్టమొదటి పనిగా పెట్టుకోవడం మేలు.

జీజిప్ చైల్డ్ ముగిసినప్పుడు వచ్చే సిగ్‌చైల్డ్ గురించి కూడా. మామూలు సిగ్నల్స్ క్యూలో నిలబడవు. ముగ్గురు చైల్డ్‌లు వెంటవెంటనే ముగిస్తే మీకు ఒక్క సిగ్‌చైల్డే రావచ్చు. సిగ్నల్ వచ్చిందంటే ముగిసిన చైల్డ్‌ని తీసుకునే వెయిట్‌పిడ్‌ని డబ్ల్యూనోహ్యాంగ్‌తో (ఆగకుండా చూసి వచ్చే ఆప్షన్), ఇంకెవరూ లేరనేదాకా లూప్‌లో పిలవాలి. ఒక్కసారే పిలిస్తే జోంబీలు (ముగిసినా జాబితాలో మిగిలిన ప్రాసెస్‌లు) పేరుకుపోతాయి.

తరంగం:
చాలా థాంక్స్ అందరికీ. మా ప్రోగ్రామ్ లైనక్స్ మీదే నడుస్తుంది కాబట్టి సిగ్నల్‌ఎఫ్‌డీకి మారుస్తున్నాను. క్లీనప్ ఏ వరసలో ఉండాలి? ఇప్పుడున్న వరస ఎవరో తోచినట్టు పెట్టినట్టుంది.

రాత్రిపాళీ:
నేనైతే కొత్త పని రాకుండా ముందు తలుపు మూస్తాను. అంటే వినే సాకెట్‌ని క్లోజ్ చేయడం. తర్వాత తెరిచి ఉన్న కనెక్షన్లలో ఇప్పటికే వచ్చిన డేటా చదివేయడం, దానికో గడువు పెట్టుకుని. ఆ తర్వాత రైటర్ త్రెడ్‌కి ఇక లైన్లు రావని క్యూ ద్వారా చెప్పి, జాయిన్ చేయడం (అది ముగిసేదాకా ఆగడం). రైటర్ చివర్లో ఎఫ్‌సింక్ (డేటా డిస్క్‌కి చేరేలా చూడటం) చేయాలి. సాకెట్ ఫైల్ అన్‌లింక్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మెమరీ ఫ్రీ చేయడం దండగ, ప్రాసెస్ పోతే కెర్నల్ ఎలాగూ తీసుకుంటుంది. లీక్ చెకర్‌కి శుభ్రంగా కనిపించాలంటే తప్ప ఆగిపోయే సమయంలో ఆ పని పెట్టుకోవద్దు.

గడువు ముఖ్యం. కంటైనర్లు నడిపే డాకర్‌లో స్టాప్ కమాండ్ మామూలుగా 10 సెకన్లు ఆగి సిగ్‌కిల్ పంపుతుంది, కుబర్నెటీస్ 30, సిస్టమ్‌డీ 90. మీ లోపలి గడువు వీటికన్నా బాగా తక్కువ ఉండాలి. పది సెకన్ల గడువులో పనిచేసే ప్రోగ్రామ్ కనెక్షన్ల కోసం తొమ్మిది సెకన్లు చూసిందంటే ఎఫ్‌సింక్‌కి మిగిలేది ఒక్క సెకను. డిస్క్ బిజీగా ఉంటే అది చాలదు.

రెండో సిగ్నల్ వస్తే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోండి. మనిషి కంట్రోల్-సీ రెండోసారి నొక్కాడంటే ఇక ఆగలేనని అర్థం. అప్పుడు మిగతా క్లీనప్ వదిలేసి వెంటనే అండర్‌స్కోర్ ఎగ్జిట్‌తో వెళ్లిపోవడం సరైన మర్యాద.

గుండుసూది:
ఎగ్జిట్ కోడ్ గురించి చిన్న చేర్పు. టెర్మినల్‌లో నడిపే టూల్ అయితే సిగ్‌ఇంట్‌కి క్లీనప్ చేశాక ఎగ్జిట్ 130 అని రాయకండి. హ్యాండ్లర్‌ని డిఫాల్ట్‌కి మార్చి, సిగ్నల్ బ్లాక్ అయి ఉంటే తెరిచి, అదే సిగ్నల్‌ని రైజ్‌తో మీకు మీరే పంపుకోండి. అప్పుడు పేరెంట్‌కి ఇది సిగ్నల్‌తో పోయిందని తెలుస్తుంది, స్క్రిప్ట్‌లో లూప్ నడుస్తుంటే బాష్ షెల్ మొత్తం లూప్‌నే ఆపుతుంది. లేకపోతే ఒక్క కమాండ్ పోయి తర్వాతది మొదలవుతుంది, మనిషి కంట్రోల్-సీ నొక్కుతూనే ఉండాలి. డీమన్‌కి ఈ పట్టింపు లేదు. సిగ్‌టెర్మ్‌తో పోయినా, 0తో పోయినా సిస్టమ్‌డీ రెండింటినీ మామూలుగానే తీసుకుంటుంది.

వెండిరేకు:
అందరూ క్లీనప్ ఎలా నడపాలో చెప్పారు. నేను అసలు క్లీనప్ నడవని రోజు గురించి చెప్తాను, ఎందుకంటే తరంగం గారి అర్ధరాత్రి కష్టం అక్కడే ఉంది.

సిగ్‌కిల్‌ని పట్టుకోలేం, బ్లాక్ చేయలేం. మెమరీ అయిపోతే కెర్నల్ ఓఓఎం కిల్లర్ పంపేది అదే. కరెంటు పోతే సిగ్నల్ కూడా ఉండదు. కాబట్టి క్లీనప్ నడవకపోతే మళ్లీ స్టార్ట్ కాని ప్రోగ్రామ్‌లో లోపం హ్యాండ్లర్‌ది కాదు, స్టార్టప్‌ది. ఆగేటప్పుడు చేసే క్లీనప్ మర్యాద కోసం. ప్రోగ్రామ్ సరిగ్గా ఉండటం దాని మీద ఆధారపడకూడదు. నేను కోడ్ రివ్యూ చేసేటప్పుడు ముందు అడిగేది ఇదే: ఈ లైను దగ్గర సిగ్‌కిల్ వస్తే తర్వాతి స్టార్ట్ ఏం చూస్తుంది?

మీ సాకెట్ విషయమే తీసుకుందాం. మిగిలిపోయిన సాకెట్ ఫైల్‌ని స్టార్టప్‌లో అన్‌లింక్ చేసి బైండ్ చేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ ఇంకో కాపీ నిజంగానే నడుస్తుంటే దాని సాకెట్‌ని లాగేసినట్టవుతుంది. అందుకని ముందు ఒక లాక్ ఫైల్ తెరిచి ఎఫ్‌లాక్ (ఫైల్ మీద కెర్నల్ ఇచ్చే లాక్) తీసుకోవాలి, ఆగకుండా ప్రయత్నించే పద్ధతిలో. దొరక్కపోతే ఇంకెవరో నడుస్తున్నారు, మెసేజ్ ఇచ్చి వెళ్లిపోండి. దొరికిందంటే పాతది పోయిందని నమ్మకంగా తెలుసు, అప్పుడు సాకెట్‌ని అన్‌లింక్ చేసి బైండ్ చేయండి. ఎఫ్‌లాక్ అందం ఏమిటంటే ప్రాసెస్ ఎలా పోయినా, సిగ్‌కిల్‌తో పోయినా సరే, కెర్నలే లాక్ వదిలేస్తుంది. ఆ డిస్క్రిప్టర్‌కి క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (ఎగ్జెక్ అప్పుడు దానంతట అదే మూసుకునేలా) పెట్టడం మాత్రం మరవద్దు, లేకపోతే జీజిప్ చైల్డ్ చేతిలో లాక్ ఉండిపోతుంది. పిడ్ ఫైల్‌లో నంబర్ రాసి, ఆ నంబర్‌తో ప్రాసెస్ ఉందా అని చూసే పద్ధతి వదిలేయండి. నంబర్లు మళ్లీ వాడుకలోకి వస్తాయి, అదే నంబర్‌తో వేరే ప్రోగ్రామ్ ఉండవచ్చు.

ఆ లాక్ ఫైల్‌ని ఆగేటప్పుడు డిలీట్ చేయకండి. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, కాబట్టి విడమరిచి చెప్తాను. మొదటి ప్రాసెస్ లాక్ పట్టుకుని ఉంది. రెండోది అదే ఫైల్ తెరిచింది, ఇంకా లాక్ అడగలేదు. మొదటిది ఫైల్‌ని అన్‌లింక్ చేసి పోయింది. ఇప్పుడు రెండోదానికి లాక్ దొరికింది, కానీ పేరు లేని పాత ఐనోడ్ (డిస్క్ మీది అసలు ఫైల్) మీద. మూడోది వచ్చి అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించి దాని మీద లాక్ తీసుకుంది. రెండూ తామొక్కరమే ఉన్నామనుకుని నడుస్తాయి. ఖాళీ ఫైల్ ఒకటి అక్కడ పడి ఉంటే ఎవరికీ నష్టం లేదు, ఉండనివ్వండి.

టెంపరరీ ఫైళ్లకీ ఇదే ఆలోచన. తెరిచిన వెంటనే అన్‌లింక్ చేస్తే ప్రాసెస్ పోగానే ఫైలూ పోతుంది. 3.11 నుంచి లైనక్స్‌లో ఓ టెంప్‌ఫైల్ ఉంది, ఫైల్ సిస్టమ్ సపోర్ట్ చేస్తే అసలు పేరే లేకుండా పుడుతుంది. సేవ్ చేయాల్సిన ఫైల్ అయితే పక్కన వేరే పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, రీనేమ్ చేయండి. చదివేవాళ్లకి పాతదో కొత్తదో కనిపిస్తుంది తప్ప సగం ఫైల్ కనిపించదు. ఇలా చేసుకుంటూ పోతే హ్యాండ్లర్‌లో చేయాల్సిన పని దానంతట అదే తగ్గిపోతుంది. మీరు అడిగిన సరైన దారి ఇదేనని నా అభిప్రాయం.

కొత్తచిగురు:
వెండిరేకు గారూ, ఇది నేను ఎక్కడా చదవలేదు. సేవ్ చేసి పెట్టుకున్నాను. రస్ట్, గో లాంటి భాషల్లో క్లీనప్‌ని దానంతట అదే నడిపే డ్రాప్, డిఫర్ ఉంటాయి కదా, అక్కడ ఈ గొడవ ఉండదా?

ఉలి:
ఉంటుంది. డిఫాల్ట్‌గా సిగ్‌టెర్మ్ వస్తే కెర్నల్ ప్రాసెస్‌ని తీసేస్తుంది. సీ ప్లస్ ప్లస్ డిస్ట్రక్టర్ అయినా, రస్ట్ డ్రాప్ అయినా, గో డిఫర్ అయినా నడవవు. ప్రోగ్రామ్ తనంతట తాను ప్రాసెస్ ఎగ్జిట్ పిలిచినా రస్ట్‌లో డ్రాప్ నడవదు, గోలో ఓఎస్ ఎగ్జిట్ పిలిస్తే డిఫర్ నడవదు. పైథాన్‌లో సిగ్‌ఇంట్ ఎక్సెప్షన్ అవుతుంది కాబట్టి ఫైనల్లీ నడుస్తుంది, సిగ్‌టెర్మ్‌కి మాత్రం మీరే హ్యాండ్లర్ పెట్టాలి. గోలో 1.16 నుంచి సిగ్నల్ ప్యాకేజీలో నోటిఫై కాంటెక్స్ట్ ఉంది, అది వాడి మెయిన్ నుంచి మామూలుగా రిటర్న్ అవ్వడం మంచి పద్ధతి.

రాత్రిపాళీ:
కంటైనర్‌లో నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి. అక్కడ మీ ప్రోగ్రామ్ పిడ్ 1 (మొదటి ప్రాసెస్) అవుతుంది. పిడ్ 1కి హ్యాండ్లర్ పెట్టకపోతే సిగ్‌టెర్మ్‌ని కెర్నల్ పక్కన పడేస్తుంది, డిఫాల్ట్‌గా చంపడం ఉండదు. ఇంకా, స్టార్ట్ కమాండ్‌ని షెల్ రూపంలో రాస్తే పిడ్ 1గా షెల్ కూర్చోవచ్చు, అది సిగ్నల్‌ని మీ ప్రోగ్రామ్‌కి అందించదు. స్టార్టప్ స్క్రిప్ట్ చివర ప్రోగ్రామ్‌ని ఎగ్జెక్‌తో పిలవండి, లేదా టీని లాంటి చిన్న ఇనిట్ (పిడ్ 1గా కూర్చుని సిగ్నల్స్ అందించే ప్రోగ్రామ్) పెట్టుకోండి. బాష్ స్క్రిప్ట్‌లో ట్రాప్ (షెల్‌లో సిగ్నల్ హ్యాండ్లర్) పెట్టినా, ముందు నడుస్తున్న కమాండ్ ముగిసేదాకా ఆ ట్రాప్ నడవదు. కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి వెయిట్ చేస్తే వెంటనే నడుస్తుంది.

తరంగం:
అందరూ చెప్పినట్టు మార్చాను. త్రెడ్ల కన్నా ముందే బ్లాక్ చేయడం, సిగ్నల్‌ఎఫ్‌డీ, ఎఫ్‌లాక్, స్టార్టప్‌లో అన్‌లింక్, అన్నీ. లోడ్ పెట్టి, మధ్యలో సిగ్‌కిల్ పంపి, వెంటనే స్టార్ట్ చేసే స్క్రిప్ట్ రాత్రంతా నడిపాను. ఒక్కసారి కూడా స్టార్ట్ ఫెయిల్ కాలేదు. క్లయింట్ మధ్యలో వెళ్లిపోతే సిగ్‌పైప్‌తో చావకుండా దాన్ని ఇగ్నోర్ కూడా చేశాను.

కానీ సిగ్‌టెర్మ్‌తో ఆపితే ఇంకా ఒక్కోసారి 90 సెకన్లు పడుతోంది. ఈసారి మెయిన్ ప్రాసెస్ అర సెకనులోపే శుభ్రంగా వెళ్లిపోయింది. సిస్టమ్‌డీ జర్నల్‌లో మాత్రం సిగ్‌టెర్మ్ దశ టైమ్ అవుట్ అయిందని, జీజిప్‌ని సిగ్‌కిల్‌తో తీసేశామని ఉంది. సగం రాసిన కంప్రెస్డ్ ఫైల్ కూడా మిగులుతోంది. పైప్‌మనిషి గారు చెప్పినది ఇదేనా?

పైప్‌మనిషి:
అదే. జీజిప్ నడుస్తుండగా, దాని పిడ్ నంబర్‌తో ప్రాక్ డైరెక్టరీలో స్టేటస్ ఫైల్ చూసి, సిగ్‌బ్లాక్, సిగ్‌ఇగ్నోర్ వరసలు ఇక్కడ పెట్టండి.

తరంగం:
సిగ్‌బ్లాక్: 0000000000004002
సిగ్‌ఇగ్నోర్: 0000000000001000

పైప్‌మనిషి:
ఇవి హెక్సాడెసిమల్ బిట్ మాస్క్‌లు. కుడి చివరి బిట్ సిగ్నల్ 1ది. 4000 అంటే 15వ బిట్, సిగ్‌టెర్మ్. 2 అంటే రెండో బిట్, సిగ్‌ఇంట్. 1000 అంటే 13వ బిట్, సిగ్‌పైప్. మీ డీమన్ పెట్టుకున్న మాస్క్ మొత్తం జీజిప్‌కి వారసత్వంగా వచ్చింది. సిస్టమ్‌డీ మామూలుగా ఆ సర్వీస్ గ్రూప్‌లోని ప్రాసెస్‌లన్నిటికీ సిగ్‌టెర్మ్ పంపుతుంది. జీజిప్‌కి చేరింది కానీ బ్లాక్ అయి ఉంది కాబట్టి పెండింగ్‌లో ఉండిపోయింది. సిగ్‌టెర్మ్ వస్తే సగం ఫైల్‌ని తీసేసి పోయే హ్యాండ్లర్ జీజిప్‌లో ఉంది, దానికి నడిచే అవకాశమే రాలేదు.

ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య చైల్డ్‌లో సిగ్‌పైప్‌ని డిఫాల్ట్‌కి మార్చి, ఆ తర్వాత మాస్క్‌ని ఖాళీ చేయండి. మీది త్రెడ్లున్న ప్రోగ్రామ్ కాబట్టి ఆ మధ్యలో కూడా సిగ్నల్-సేఫ్ ఫంక్షన్లే పిలవాలి. సిగ్‌యాక్షన్, సిగ్‌ప్రాక్‌మాస్క్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఫోర్క్, ఎగ్జెక్ రెండూ కలిపి చేసే పోసిక్స్ స్పాన్ వాడితే ఇంకా తేలిక, సెట్‌సిగ్‌డెఫ్, సెట్‌సిగ్‌మాస్క్ అనే రెండు ఫ్లాగ్‌లతో ఈ రెండు పనులూ అదే చేస్తుంది.

తరంగం:
పోసిక్స్ స్పాన్‌కి మార్చాను. ఇప్పుడు జీజిప్ స్టేటస్‌లో రెండు వరసలూ సున్నాలే. పెద్ద ఫైల్ కుదిస్తుండగా ఆపి చూశాను, సర్వీస్ సెకనులోపే ఆగింది, సగం ఫైల్ మిగల్లేదు. అసలు ఫైల్ అలాగే ఉంది, తర్వాతి స్టార్ట్‌లో డీమన్ దాన్ని మళ్లీ జీజిప్‌కి ఇచ్చింది.